మద్రాసు బ్రిడ్జి నేపియరూ, స్కై దీవి రైతుల నేపియరూ ఒక్కడేనా?

గ్లాస్గో_గోదారి
పోయిన వారం పిల్లలతో స్కాట్లండ్‌లోని స్కై దీవికి వెళ్లొచ్చాం. పోర్‌ట్రీ దాటి కిందికి బ్రేస్ అనే పల్లెల వైపు పోతుంటే రోడ్డు పక్కన రాళ్లు పేర్చి కట్టిన ఒక స్మారకం కనబడింది. కారాపి చదివాను. 1882 ఏప్రిల్‌లో ఆ పల్లెల రైతులు పోలీసులతో తలపడ్డ చోటట. ఆ రాత్రి మేం దిగిన ఇంటావిడని అడిగితే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. మధ్యలో "తర్వాతేడు లార్డ్ నేపియర్ వచ్చి మా వాళ్ల గోడు రాసుకున్నాడు" అంది. నా చెవిలో ఆ పేరు గంటలా మోగింది. చిన్నప్పుడు మద్రాసులో మేనత్త వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా బస్సులో నేపియర్ బ్రిడ్జి మీదుగానే బీచికి వెళ్లేవాళ్లం.

ఇద్దరూ ఒక్కరేనా? ఒక్కరే అయితే నాకో బాధ ఉంది. ఆరేళ్లో ఏడేళ్లో మన మీద గవర్నరుగా ఉన్న మనిషి, అక్కడ చలిలో పడవలెక్కి ఊరూరూ తిరిగి రైతుల మాట విన్నాడు. మరి గోదావరి, కృష్ణ, గంజాం రైతుల దగ్గర అలా ఎందుకు కూర్చోలేదు? తెలిసినవాళ్లు చెప్పండి, నాకు నిద్ర పట్టట్లేదు.

లాగ్_టేబుల్
ఒక్కరే. ఫ్రాన్సిస్ నేపియర్, 10వ లార్డ్ నేపియర్. 1819 సెప్టెంబర్ 15న స్కాట్లండ్ దక్షిణాన సెల్కర్క్‌షైర్‌లో, ఎట్రిక్ నది లోయలోని థర్ల్‌స్టేన్‌లో పుట్టాడు. 1866 మార్చి నుంచి 1872 ఫిబ్రవరి దాకా మద్రాసు గవర్నరు. స్కై రైతుల గోడు రాసుకున్న కమిషన్ 1883లో. రెండింటికీ మధ్య పదకొండేళ్లు.

లెక్కల మాస్టర్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఈ వంశానికి లార్డ్ బిరుదు 1627లో వచ్చింది. అందుకున్న మొదటాయన ఆర్చిబాల్డ్ నేపియర్. ఆయన తండ్రి జాన్ నేపియర్, 1614లో లాగరిథమ్స్ ప్రకటించినవాడు. ఇంటర్‌లో మీరంతా వేలు పెట్టి వరసలు వెతుక్కున్న పట్టిక మూలపురుషుడు. మధ్యలో మగ సంతానం లేక బిరుదు ఆడపిల్లల తరఫు వాళ్లకి వెళ్లింది, అందుకే మన నేపియర్ రక్తరీత్యా స్కాట్ ఇంటివాడు కూడా.

గ్రూప్‌వన్_గురి
ఆగండాగండి. సింధ్‌ని ఆక్రమించిన నేపియర్, వైస్రాయ్‌గా చేసిన నేపియర్, ఈయన... ఎవరెవరు? నా నోట్సులో ముగ్గురూ కలిసిపోయి ఉన్నారు. మాక్ టెస్టులో ఇందుకే ఒక మార్కు పోయింది.

లాగ్_టేబుల్
గురి గారూ, విడదీసి రాసుకోండి.
సింధ్: చార్లెస్ నేపియర్, సైన్యాధికారి, 1843. ఇదే వంశంలో ఒక పాయ.
అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) యుద్ధం: రాబర్ట్ నేపియర్, ఇంజనీరు సైనికుడు. ఆ గెలుపు వల్ల "నేపియర్ ఆఫ్ మగ్దాలా" అయ్యాడు.
మద్రాసు: మన ఫ్రాన్సిస్. పుట్టుకతో వచ్చిన బిరుదు, సైనికుడు కాదు, రాయబారి.

తికమక పెట్టేది ఏంటంటే రాబర్ట్, ఫ్రాన్సిస్ ఇద్దరూ తాత్కాలిక వైస్రాయ్‌లుగా పనిచేశారు. 1863లో ధర్మశాలలో వైస్రాయ్ ఎల్గిన్ చనిపోతే రాబర్ట్ కొద్ది రోజులు చూశాడు. 1872 ఫిబ్రవరి 8న పోర్ట్ బ్లెయిర్‌లో షేర్ అలీ వైస్రాయ్ మేయోని పొడిచి చంపాడు కదా, అప్పుడు మద్రాసు నుంచి మన నేపియర్ కలకత్తా చేరేదాకా రెండు వారాలు జాన్ స్ట్రాచీ చూసుకున్నాడు. ఆ తర్వాత మే మొదట్లో కొత్త వైస్రాయ్ నార్త్‌బ్రూక్ వచ్చేదాకా ఫ్రాన్సిసే.

గ్రూప్‌వన్_గురి
ఇది బంగారం. ఈ జన్మలో మర్చిపోను.

పాడి_పంట
అడగొచ్చో లేదో తెలీదు. మా గేదెలకి వేసే నేపియర్ గడ్డి ఈయన పేరేనా? రెండెకరాల్లో సూపర్ నేపియర్ వేశాను, కోసిన కొద్దీ దుబ్బులు కడుతోంది.

లాగ్_టేబుల్
కాదండీ. ఆ గడ్డి ఆఫ్రికాది. రొడీషియాలో బులవాయో దగ్గరుండే కల్నల్ నేపియర్ దాన్ని పశుగ్రాసంగా పరీక్షించమని అక్కడి వ్యవసాయ శాఖ వెంట పడ్డాడు, అలా పేరొచ్చింది.

పాడి_పంట
సరే. పేరు ఎవరిదైనా పాలు మాత్రం బాగా పెరిగాయి. మీరు కానివ్వండి, చదువుతున్నా.

మెరీనా_నడక
నేను రోజూ పొద్దున్నే ఆ బ్రిడ్జి మీదే నడుస్తాను. కూవం నది సముద్రంలో కలిసే చోట 1869లో ఈయన హయాంలో మొదట ఇనప వంతెన కట్టారు. ఇప్పుడున్న కమానుల కాంక్రీటు వంతెన తర్వాతది. 2022 చెస్ ఒలింపియాడ్‌కి మొత్తం నలుపు తెలుపు గళ్లు వేశారు గుర్తుందా, ఏనుగు గుర్రం మధ్యలో నడుస్తున్నట్టు ఉండేది. చింతాద్రిపేటలో నేపియర్ పార్క్ అని ఉండేది, ఇప్పుడది మే డే పార్క్. కార్మికుల పేరు పెట్టారు. గ్లాస్గో గారు చెప్పిన కథ విన్నాక ఆ పేరు మార్పు నాకు బాగానే అనిపిస్తోంది.

తిరువనంతపురం నేపియర్ మ్యూజియం కూడా ఈయన పేరే, కట్టింది చిజమ్. మదురై తిరుమల నాయకుడి మహల్ కూలిపోకుండా బాగు చేయించింది ఈయనే. మన కమానులు, గుమ్మటాలు, మన మేస్త్రీల పనితనం వదిలేసి ఇంగ్లండ్ నకలు ఎందుకు కట్టాలని ఉపన్యాసం ఇచ్చి మరీ వాదించిన గవర్నరు. ఆ ఒక్క సంగతికి నేను దణ్ణం పెడతా.

రాయలసీమ_రాయి
మీరందరూ బ్రిడ్జిలు, మ్యూజియాలు చెప్తాండారు. గ్లాస్గో అన్న అడిగింది అది కాదు కదప్పా. రైతు దగ్గర కూచున్నాడా లేదా? మా కడప వైపు కె.సి. కెనాల్, అదే కర్నూలు-కడప కాలువ, ఆ కాలంలోనే తవ్వినారు. లండన్ కంపెనీ. నీళ్లు పారినా పారకున్నా వాటాదార్లకి నూటికి 5 గ్యారంటీ, అది కట్టేది మన పన్నుల్లోంచి. కంపెనీ మునిగే దశకొస్తే 1882లో సర్కారే కొనేసింది. ఆ లెక్కల్లో రైతు యాడున్నాడు? లార్డులంతా లార్డులే. అక్కడ మంచోడు ఇక్కడ మంచోడు కాడా?

గ్లాస్గో_గోదారి
రాయి గారు నా బాధని నాకంటే బాగా చెప్పారు.

బరంపురం_బాబాయ్
రాయీ, కోపంలో న్యాయం ఉంది గానీ గంజాం సంగతి వదిలేశావు. మా ఊరు బరంపురం. 1936 ఏప్రిల్ 1 దాకా మేం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, ఆ రోజే ఒడిశాలో కలిపారు. మా ఇంట్లో ఇప్పటికీ తెలుగే.

నేపియర్ మద్రాసులో దిగింది 1866 మార్చి చివర్లో. ఒడిశా కరువు అప్పటికే ముదిరిపోయింది. పక్కన బెంగాల్ ప్రభుత్వం కింద ఉన్న ఒడిశాలో సుమారు పది లక్షల మంది పోయారు. బియ్యం తెప్పించాల్సిన వేళ అక్కడి పెద్దలు తెప్పించలేదు, వానాకాలం వచ్చి ఓడలు ఒడ్డుకి రాలేని పరిస్థితి వచ్చింది. ఆ తర్వాత విచారణ కమిషన్ కూడా వాళ్లని తప్పుపట్టింది. గంజాంలోనూ చావులున్నాయి, లేవని నేను అనను. కానీ ఈ కొత్త గవర్నరు కలకత్తా మొహం చూస్తూ కూర్చోకుండా స్వయంగా గంజాం వచ్చాడు, సహాయం మొదలుపెట్టించాడు. ఒడిశాలో జరిగినంత ఘోరం ఇక్కడ జరగలేదు. మా తాత చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ అనేదట, "చిలికా సరస్సు ఇవతల గంజి దొరికింది, అవతల దొరకలేదు" అని. అందులో ఎంత నిజమో ఎంత ఇంటి గర్వమో గానీ, మా ఇంట్లో ఆ మాట నాలుగు తరాలు బతికింది.

రాయలసీమ_రాయి
బాబాయ్, ఆ మాట నాకు తెల్వదు. గంజాం విషయం ఒప్పుకుంటా. కె.సి. కెనాల్ విషయం ఒప్పుకోను.

బరంపురం_బాబాయ్
ఒప్పుకోకు. అందులో నేనూ నీ పక్కే.

సంధ్య_ఇన్వర్నెస్
ఈ చర్చ ఇప్పుడే చూశాను. నేను ఇన్వర్నెస్‌లో నర్సుని. మూడేళ్లుగా ఆ కమిషన్ వాంగ్మూలాలు సెలవు దొరికినప్పుడల్లా చదువుతున్నా, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు అక్కడి భూమి సంగతి. హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ ఉత్తరాన కొండ ప్రాంతంలో, రైతుని క్రాఫ్టర్ అంటారు. చేతిలో చిన్న కమతం, దానికితోడు ఊరందరికీ కలిపి కొండ మీద మేత భూమి. భూమి దొరది. దొరకి ఫ్యాక్టర్ అని ఒక ఏజెంటు, మన దివాను లాంటివాడు. పెత్తనమంతా అతనిదే. ఇల్లు రైతే కట్టుకోవాలి, రాయి మోసుకొచ్చి, పైన గడ్డి కప్పి. ఏడాది కౌలు అయిపోగానే పొమ్మంటే పోవాలి. కట్టిన ఇల్లు, తీసిన రాళ్లు, తవ్విన కాల్వ అన్నీ దొరవే. బాగా కట్టుకున్నావా, కౌలు పెరుగుతుంది. అందుకే ఎవరూ బాగా కట్టుకునేవాళ్లు కాదు. అంతకు ముందు తరాల్లో గొర్రెల మందల కోసం లోయలకి లోయలే ఖాళీ చేయించారు. సదర్లండ్‌లో స్ట్రాత్‌నేవర్ పేరు చెబితే ఇప్పటికీ ఇక్కడి ముసలివాళ్లు మాట ఆపేస్తారు.

బ్రేస్ రైతుల గొడవ బెన్ లీ అనే కొండ గురించి. తరతరాలుగా వాళ్ల గొర్రెలు మేసిన కొండని 1865లో దొర వాళ్ల చేతిలోంచి తీసేసుకున్నాడు. 1881 చివర్లో ఆ కొండ తిరిగి ఇచ్చేదాకా కౌలు కట్టేది లేదని రైతులన్నారు. ఖాళీ చేయమని నోటీసులు తెచ్చిన అమీనా చేత ఆ కాగితాలు తగలబెట్టించారు. 1882 ఏప్రిల్ 19న గ్లాస్గో నుంచి యాభై మంది పోలీసులు తెల్లారకముందే ఊళ్లోకి వచ్చారు. రాళ్లు రువ్వింది ఎక్కువగా ఆడవాళ్లు. అయిదుగురు మగవాళ్లని పట్టుకుపోయారు. ఆ దొర లార్డ్ మక్‌డొనాల్డ్ కూడా వంశపారంపర్య లార్డే. అందుకే రాయి గారి "లార్డులంతా లార్డులే" అన్న మాట దగ్గర నేను ఆగుతాను. ఒక లార్డు కొండ లాక్కున్నాడు, ఇంకో లార్డు దాని గురించి విని రాయించాడు.

బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1883 మార్చిలో ఆరుగురితో కమిషన్ వేసింది, నేపియర్ అధ్యక్షుడు. ఆరుగురిలో ఎక్కువమంది భూములున్నవాళ్లే కాబట్టి రైతులు మొదట నమ్మలేదు. మే 8న తొలి సమావేశం ఎక్కడ పెట్టారనుకున్నారు? అదే బ్రేస్‌లో.

జనగామ_జొన్నరొట్టె
అక్కా ఆపకు. ఆడోళ్లు రాళ్లు రువ్విండ్రు అన్నవు గదా, నాకు మా పాలకుర్తి ఐలమ్మ కండ్ల ముందట నిలవడ్డది. విసునూరు దొర గూండాలకు ఎదురు నిలిచి పంట ఇంటికి తెచ్చుకున్నది. ఇంకేం జరిగింది చెప్పు.

సంధ్య_ఇన్వర్నెస్
మొదటి సాక్షి పైన్‌ఖోరన్ ఊరి ఆంగస్ స్టూవర్ట్. ఆయన అసలు సంగతి మొదలుపెట్టలేదు. నేను ఇక్కడ నిజం చెబితే రేపు దొరా ఫ్యాక్టరూ నన్ను ఊళ్లోంచి వెళ్లగొట్టరని హామీ ఇవ్వండి, అప్పుడు చెబుతా అన్నాడు.

నేపియర్ ఏమన్నాడో చూడండి. కమిషన్‌కి ఆ అధికారం లేదు, నీకూ దొరకీ మధ్య మేం రాలేం అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధపు ధైర్యం ఇవ్వలేదు. ఫ్యాక్టర్ అదే గదిలో ఉన్నాడు. అతన్నే అందరి ముందూ అడిగారు. అతను సరేనన్నాక స్టూవర్ట్ నోరు విప్పాడు. ఆ ప్రశ్నలూ జవాబులూ అన్నీ అచ్చులో ఉన్నాయి. ఆ పేజీ చదివిన రాత్రి నేను వార్డులో డ్యూటీ సరిగ్గా చేయలేకపోయాను.

కౌలురైతు_కొడుకు
సంధ్య గారూ ఆ ఒక్క పేరా నాలుగుసార్లు చదివాను.

మా నాన్న ముప్ఫై ఏళ్లుగా కౌలుకి చేస్తున్నాడు. పొలం ఒకరిది, పాసుపుస్తకం వాళ్లది, పంట నష్టం మాది. ఒక ఏడాది తుపానుకి మినుము మొత్తం పోతే లెక్క రాసుకోవడానికి ఊళ్లోకి మనుషులొచ్చారు. "కౌలుదారులు ఎవరో చేతులెత్తండి" అన్నారు. పొలం యజమాని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా నాన్న చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. నేను పక్కనే ఉన్నా, నాకు పదకొండేళ్లు. ఇంటికొచ్చాక అమ్మ ఎందుకు ఎత్తలేదని అడిగితే "ఎత్తితే వచ్చే ఏడు పొలం ఎవరిస్తారే" అన్నాడు. పరిహారం డబ్బులు యజమాని ఖాతాలో పడ్డాయి.

స్టూవర్ట్ అడిగిన హామీ మా నాన్నకి ఎవరూ ఇవ్వలేదు. కనీసం అడగొచ్చని కూడా మాకు తెలీదు.

గ్లాస్గో_గోదారి
తమ్ముడూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

కౌలురైతు_కొడుకు
బాగున్నాడన్నా. ఈ ఏడు కూడా మూడెకరాలు చేస్తున్నాడు. కౌలు కార్డు అడుగుదామంటే ఇప్పటికీ యజమాని సంతకం దగ్గరే ఆగుతోంది.

గ్రూప్‌వన్_గురి
కమిషన్ ఎంతమందిని విచారించింది? ఎన్ని ఊళ్లు? నోట్సు కోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

సంధ్య_ఇన్వర్నెస్
61 చోట్ల, 775 మందిని. మే నుంచి డిసెంబర్ దాకా. స్కై, హెబ్రిడీస్, ఆర్క్నీ, షెట్లండ్, సదర్లండ్ అంతా. చాలామంది గేలిక్‌లోనే మాట్లాడారు, దుబాసీ ఇంగ్లీషులోకి చెబితే రాసుకున్నారు. నేపియర్‌కి గేలిక్ రాదు, కానీ సభ్యుల్లో ఇద్దరు ఆ భాషలో పండితులు, ఒకాయన ఎడింబరోలో ఆ భాషకి ప్రొఫెసరు, డొనాల్డ్ మక్‌కినన్.

గ్లాస్గో గారు చలిలో పడవలన్నారు కదా. జూన్‌లో వీళ్లని తీసుకెళ్తున్న లైవ్లీ అనే నౌకాదళం ఓడ స్టోర్నోవే దగ్గర బండకి తగిలి మునిగింది. అందరూ బతికి బయటపడ్డారు. నేపియర్‌కి అప్పటికి 63 ఏళ్లు. విచారణ మానలేదు.

నివేదిక 1884లో వచ్చింది. వాంగ్మూలాలతో కలిపి అయిదు సంపుటాలు. ఎవరు ఎన్ని గొర్రెలు పోగొట్టుకున్నారో, ఎవరి అమ్మమ్మ ఇల్లు ఎప్పుడు కూల్చారో, సముద్రపు నాచు వీపు మీద ఎన్ని బుట్టలు మోశారో, పేరుతో ఊరుతో సహా ఉంది. నా పేషెంట్లలో ఒక తొంభై ఏళ్ల తాత వాళ్ల ముత్తాత మాటలు అందులో ఉన్నాయని నా చేత గట్టిగా చదివించుకున్నాడు. చదువుతుంటే ఇంగ్లీషు వాక్యాన్ని మళ్లీ గేలిక్‌లోకి తిప్పుకుంటూ పెదాలు కదిపాడు.

రాయలసీమ_రాయి
వినడం గొప్పదే, కాదనను. మరి ఏం సిఫార్సు చేసినాడు? నేను చదివినంతలో ఏడాదికి 6 పౌన్ల కంటే ఎక్కువ కౌలు కట్టేటోడికే ముప్ఫై ఏళ్ల లీజు అన్నాడు. అంతకంటే తక్కువోడికి? ఓడెక్కి విదేశం పో, సాయం చేస్తాం అన్నాడు. అంటే అందరికంటే బీదోడికి ఏమీ లేదు. తప్పా రైటా అక్కా?

సంధ్య_ఇన్వర్నెస్
నిజమే రాయి గారూ. నాకూ అక్కడే గుచ్చుకుంటుంది. ఆయనకి చిన్న కమతం మీద మనిషి బతకలేడని గట్టి నమ్మకం. 775 మంది మాట విన్నా ఆ నమ్మకం మారలేదు.

కానీ ఒకటి. పార్లమెంటు ఆయన సిఫార్సుల్ని అలాగే తీసుకోలేదు. 1884లో ఓటు హక్కు పెరిగింది, 1885 ఎన్నికల్లో క్రాఫ్టర్ల తరఫువాళ్లు గెలిచి లోపలికొచ్చారు. 1886 చట్టంలో కౌలు కడుతున్నంతకాలం ఎవర్నీ వెళ్లగొట్టకూడదు, న్యాయమైన కౌలు నిర్ణయించడానికి వేరే కమిషన్, చేసుకున్న అభివృద్ధికి పరిహారం, వారసులకి హక్కు, ఇవన్నీ వచ్చాయి. 6 పౌన్ల గీత పెట్టలేదు. ఏడు జిల్లాలకి వర్తించింది. లాక్కున్న పాత భూములు మాత్రం తిరిగి ఇప్పించలేదు, అసలు భూమే లేనివాళ్లకి ఏమీ రాలేదు.

లాగ్_టేబుల్
సిఫార్సుల్లో నాకు నచ్చింది ఇంకోటుంది. ఊరి సముదాయాన్ని చట్టం గుర్తించాలి, ఉమ్మడి మేత భూమి మీద ఊరికి హక్కుండాలి అన్నాడు. సాటి పెద్దలు మండిపడ్డారు, పెద్ద భూస్వామి ఆర్గైల్ డ్యూక్ పత్రికలోనే ఉతికి ఆరేశాడు, నేపియర్ కూడా 1885లో అక్కడే జవాబు రాశాడు. ఈ ఊరి సముదాయం ఆలోచన మద్రాసులో మన గ్రామాలు చూసే వచ్చి ఉంటుందని నా నమ్మకం. గ్లాస్గో గారి ప్రశ్నకి ఇదే జవాబేమో. ఇక్కడ నేర్చుకున్నది అక్కడ పెట్టాడు.

బరంపురం_బాబాయ్
మాస్టారూ, ఇక్కడ మీతో విభేదిస్తాను. మద్రాసులో మన్రో తెచ్చిన రైత్వారీ కదా. ప్రతి రైతూ విడివిడిగా సర్కారుకి పన్ను కట్టడం. మా గంజాంలో జమీందార్లు. ఊరంతా కలిసి భూమికి జవాబుదారీ అయ్యే పద్ధతి ఆయన మన దగ్గర పెద్దగా చూసి ఉండడు.

ఆయన 1861 నుంచి 1864 దాకా పీటర్స్‌బర్గ్‌లో రాయబారి. సరిగ్గా అదే 1861లో రష్యాలో జార్ బానిస రైతుల్ని విడుదల చేశాడు, భూమిని ఒక్కొక్కరికి కాక ఊరి సముదాయానికి అప్పగించాడు. కళ్ల ముందు జరిగింది. నా అంచనాకి ఆ విత్తనం అక్కడ పడింది.

లాగ్_టేబుల్
ఇది నాకు తట్టలేదు బాబాయ్ గారూ. రష్యా సంవత్సరాలు నోటికి వచ్చు, కానీ కలిపి చూడలేదు. మద్రాసు పాత్ర అసలు లేదని మాత్రం ఒప్పుకోలేను. గవర్నరు కుర్చీ దిగిన ఏడే, 1872లో, ప్లిమత్‌లో సామాజిక శాస్త్ర సభకి అధ్యక్షుడిగా వెళ్లి భూమి గురించీ పేదల గురించీ మాట్లాడాడు. పెద్దింటివాళ్లకి రుచించని మాటలవి.

మెరీనా_నడక
చిన్న సందేహం. ఈయన్ని కొన్నిచోట్ల నేపియర్, కొన్నిచోట్ల నేపియర్ అండ్ ఎట్రిక్ అంటారు. రెండు బిరుదులెందుకు?

లాగ్_టేబుల్
1707లో స్కాట్లండ్, ఇంగ్లండ్ కలిసినప్పుడు స్కాట్లండ్ లార్డులందరికీ పార్లమెంటు పై సభ అయిన లార్డ్స్ సభలో చోటివ్వలేదు. తమలోంచి 16 మందిని ఎన్నుకుని పంపుకోవాలి. అంటే పదో తరం లార్డైనా ఈయనకి సభలో కుర్చీ గ్యారంటీ లేదు. 1872లో భారతదేశ సేవకి గుర్తుగా బ్యారన్ ఎట్రిక్ అనే యునైటెడ్ కింగ్‌డమ్ బిరుదిచ్చారు. దాంతో కుర్చీ ఖాయమైంది. స్కాట్లండ్ లార్డులందరికీ ఆ హక్కు 1963లోగానీ రాలేదు. 1999లో వంశపారంపర్యం వాళ్లలో 92 మందిని మాత్రం ఉంచి మిగతావాళ్లని తీసేశారు.

గ్రూప్‌వన్_గురి
అంటే మద్రాసు ఉద్యోగమే ఆయన్ని సొంత పార్లమెంటులో కూర్చోబెట్టింది!

సంధ్య_ఇన్వర్నెస్
అవును. ఇంకో సంగతి, నర్సుగా నాకు ఇష్టమైనది. 1850లలో ఆయన ఇస్తాంబుల్ రాయబార కార్యాలయంలో కార్యదర్శి. ఫ్లోరెన్స్ నైటింగేల్ అప్పుడు అక్కడి స్కుటారి ఆసుపత్రిలో ఉంది. పరిచయం అక్కడిది. మద్రాసు వెళ్లాక ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. ఊళ్ల శుభ్రత, ఆసుపత్రులు, నీటిపారుదల గురించి ఆవిడ వదలకుండా రాసేది.

గ్లాస్గో_గోదారి
నా ప్రశ్నకి జవాబు దొరికిందా అంటే సగం దొరికింది. గంజాంకి వెళ్లాడు, అది నాకు తెలీదు. కానీ మద్రాసులో ఆయన గవర్నరు. మనవాడికి ఓటు లేదు, ఎదురు తిరిగితే వార్త లండన్ పత్రికల్లో రాదు. బ్రేస్ ఆడవాళ్లు రాళ్లు రువ్వితే అది వచ్చింది, అందుకే కమిషన్ వచ్చింది. ఆయన మంచితనం ఒక్కటే కారణమైతే మద్రాసులోనూ ఆ అయిదు సంపుటాలు ఉండేవి.

బరంపురం_బాబాయ్
బాగా పట్టుకున్నావు నాయనా. అంత పెద్ద మద్రాసు ప్రెసిడెన్సీలో రైతు చెప్పిన మాట రైతు పేరుతో అచ్చయిన పుస్తకం ఒక్కటి ఆ కాలంలో ఉంటే, మా ఇంటి గంజి కథ నిజమో కాదో నేనివాళ తేల్చుకునేవాణ్ణి.

జనగామ_జొన్నరొట్టె
గదే నాకు గుండెల కలుక్కుమంటది బాబాయ్. మన ముసలోళ్లు చెప్పింది ఎవలు రాసిండ్రు?

కౌలురైతు_కొడుకు
ఆయన చివరికి ఏమయ్యాడు?

లాగ్_టేబుల్
ఎట్రిక్‌లో తన భూములు, జిల్లా పనులు చూసుకున్నాడు. 1898 డిసెంబర్ 19న ఇటలీలో, ఫ్లోరెన్స్‌లో పోయాడు. ఆయనకి పదిహేనేళ్లప్పుడు తండ్రి మకావులో జ్వరంతో పోయాడు, చైనా వ్యాపార వ్యవహారం మీద వెళ్లి. తండ్రీకొడుకులిద్దరూ సొంతూరికి దూరంగానే కన్నుమూశారు.

రాయలసీమ_రాయి
సంధ్యక్కా, ఒక మాట. ఆ 6 పౌన్ల గీత గురించి నా మాట నేను వెనక్కి తీసుకోను. కానీ ఆ స్టూవర్ట్ ప్రశ్న జవాబులు తెలుగులో పెడతావా? నువ్వు చెప్పిన సారం కాదు, ప్రశ్న కింద జవాబు, ఉన్నది ఉన్నట్టు. మా నాయనకి ఇంగ్లీషు రాదు. మా ఊర్లో మరో నలుగురికి కూడా చదివి వినిపిస్తా.

కౌలురైతు_కొడుకు
నాకూ కావాలక్కా. నాన్నకి.

సంధ్య_ఇన్వర్నెస్
ఫ్యాక్టర్ అన్న మాటకి ఏం పెట్టాలో చెప్పండి ముందు. దివాను అంటే మరీ పాతగా ఉంది, ఏజెంటు అంటే ఎల్ఐసీ అనుకుంటారు.

పాడి_పంట
మా వైపు పెద్ద కమతాల్లో గుమాస్తా అంటారు. పొలం వాళ్లది, అరుపులు ఈయనవి.

సంధ్య_ఇన్వర్నెస్
గుమాస్తా బాగుంది. ఈ వారం రాత్రి డ్యూటీలు. ఆదివారం మొదలుపెడతా, ఆ హామీ అడిగిన దగ్గర్నుంచే.